సరుగుడు తోట దాకా పసుపు పీలికలు

మా వెన్నెల ఆదివారం నడకలు మొదలుపెట్టిన రోజునే నాకు కుడికన్ను అదిరింది. ఆ మాట చెబితే నవ్వింది.

"అమా, నీకు కన్ను అదరని రోజు ఏదో చెప్పు. ముందు దాన్ని నెల్లూరులో డాక్టరుకి చూపిద్దాం" అంది.

మా ఊరు కోటదిన్నె. జువ్వలదిన్నె రేవుకు దిగువన, బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద ఉంటుంది. ఒకప్పుడు తెల్లవాళ్ళు ఇక్కడ ఉప్పు కొట్లు కట్టారు. పడవలు దాటడానికి కాలువకు లాకు కట్టారు. లాకు చూసే దొరకు బంగళా కట్టారు. ఇప్పుడు ఉప్పు కొట్లలో గబ్బిలాలు ఉన్నాయి. లాకు గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. బంగళా తోటను పంచాయతీ వాళ్ళు పార్కు చేసి, సిమెంటు జింకలు రెండు, ఉయ్యాల ఒకటి పెట్టారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి మాకు వాటిలో వింతేమీ లేదు. నెల్లూరులో డిగ్రీ చదివి వచ్చిన మా పిల్లకు మాత్రం అవే వింత అయినాయి.

నా పాత చీరలు మూడు చింపి పీలికలు చేసింది. నీలం పీలికలు లాకు నుంచి ఉప్పు కొట్ల దాకా కాలువ గట్టు చెట్లకు కట్టింది. ఆకుపచ్చవి పార్కు చుట్టూ కట్టింది. పసుపువి పార్కు వెనక గేటు నుంచి మొదలై, పాయ దాటి, సరుగుడు తోటలోంచి సముద్రం దాకా పోతాయి. ఆ పసుపు చీర నా సీమంతానికి మా అమ్మ పెట్టింది. అది పర్రుమని చినుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. మంచి శకునం కాదని అన్నాను కూడా.

లాకు దగ్గర అట్టముక్క మీద "సులువు నడకలు, మోకాళ్ళ నొప్పుల వారు కూడా రావచ్చు" అని రాసి పెట్టింది. అది చూసి నిజంగానే మోకాళ్ళ నొప్పుల వాళ్ళు వచ్చారు. పెంచలకృష్ణ గారని, ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు రెండు మోకాళ్ళకూ పట్టీలు కట్టుకుని ప్రతి ఆదివారం వచ్చేవారు. ఆయనతో నర్సు ప్రేమలీల, ఇంకా ఏడెనిమిది మంది. ఆరు గంటలకు మొదలైతే ఎండ ముదిరే లోపల లాకు దగ్గరికి తిరిగొచ్చి టీ తాగి వెళ్ళేవారు. టీ తెచ్చేది పక్క పాలెం వాడు రాజ్ కుమార్.

నేను ఏడో తరగతి దాకా చదువుకున్నాను. మా ఆయన శివశంకర్ పడవ మీద వేటకు పోతాడు. వెన్నెల చంకలో ఉన్న ఏడాది, డిసెంబరులో ఒక పొద్దున సముద్రం ఊళ్ళోకి వచ్చింది. నేను పిల్లను ఎత్తుకుని దిన్నె మీదికి పరిగెత్తాను. అదీ ఆదివారమే. అప్పట్నుంచి ఆదివారం తెల్లవారితే నా చెవి సముద్రం వైపే ఉంటుంది. ఎవరికి చెప్పుకోను?

అందుకే నడకల రోజున నేను ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని. దూరంగా గట్టు వెంట పోతూ ఉండేదాన్ని. ఒకసారి కాలువలో మొసలి కనిపించింది. "మొసలి! మొసలి!" అని గొంతు చించుకుని అరిచాను. అందరికన్నా ముందు పరిగెత్తినవారు పెంచలకృష్ణ గారు. తీరా చూస్తే అది తుమ్మ దుంగ. ఆ రోజు నుంచి ఊళ్ళో నన్ను మొసలమ్మ అంటున్నారు. ఇంకోసారి తోటలో పాము కుబుసం చూసి, ఎవరూ అటు పోకుండా పసుపు పీలికలు విప్పేశాను. ముందు నడిచేవాళ్ళు దారి తప్పి ముళ్ళకంపలో పడ్డారు. ఆ సాయంత్రం వెన్నెల నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

"చెప్పు. ఇంక పీలికలు ముట్టుకోనని చెప్పు."

"ఎందుకే తల మీద ఒట్లు? తగులుతాయి."

"తగులుతాయనే పెట్టుకున్నా. చెప్పు."

చెప్పాను. చెయ్యి తీసుకునే లోపలే భయమేసింది.

ఇక్కడ మొగ సంగతి చెప్పాలి. మా పాలేనికీ సముద్రానికీ మధ్య ఉన్న పాయ సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. ఎండాకాలంలో అలలు ఇసుక పోసి దాన్ని మూసేస్తాయి. అప్పుడు పాయలో నీళ్ళు పాదం తడిసేటంతే ఉంటాయి. పార్కు వెనక పసుపు నడక వాళ్ళు చెప్పులు చేతపట్టుకుని దాటేది ఈ పాయనే. వేట నిషేధం రోజుల్లో మగవాళ్ళు పడవలు కట్టేసి ఖాళీగా ఉంటారు కదా, అప్పుడు ఒక అమావాస్య చూసి ఆ ఇసుకను కోస్తారు. నిండు పోటులో కోస్తే సముద్రం ఎగదన్ని పాయలోకి వస్తుంది. దాంతోపాటు రొయ్యపిల్ల వస్తుంది. ఏడాదంతా పాలెం తినేది ఆ రొయ్యే.

కోసే రోజు ఏదో బయట చెప్పకూడదు. ఆ మాట నోట పడితే ఇసుక మళ్ళీ మూసుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. నమ్మకం ఒక్కటే అయితే ఫరవాలేదు. మొగ ఎవరు ముందు కోస్తే ఆ ఏడు పాయ వాళ్ళది. పక్క పాలేనికి తెలిస్తే ముందే వచ్చి కోసుకుంటారు. ఇరవై ఏళ్ళ కిందట మా ఎదురింటి పేరమ్మత్త పక్క పాలెంలో ఉన్న తమ్ముడితో నోరు జారింది. వాళ్ళు వచ్చారు. పారలతోనే కొట్టుకున్నారు. కోసిన మొగ మూడో రోజుకు పూడిపోయింది. ఆ ఏడంతా పేరమ్మత్తతో పంపు దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు. బిందె పెడితే పక్కకు జరిపేవాళ్ళు. ఆ జరిపిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి కాబట్టి పాలెం పెద్ద చిన్నపోలయ్య మామ కొత్త కట్టుబాటు పెట్టాడు. మొగకు పోయే మగవాళ్ళందరూ ముందురోజే తమ ఫోన్లు ఆయన ఇంట్లో చేపల ఐసుపెట్టెలో వేసిపోవాలి. తిరిగొచ్చే దాకా పెట్టె లోపల అవి మోగుతూనే ఉంటాయి. ఎవరూ తియ్యరు.

ఈ వేసవిలో అమావాస్య ఆదివారం పడింది. శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన వెన్నెలను అడిగాడు.

"రేపు యాడికి నడక?"

"పార్కు చుట్టూ నాయనా. అంతా మోకాళ్ళ బ్యాచే."

ఆయన నా వంక చూసి తల ఊపాడు. వెన్నెల చెయ్యి కడుక్కోవడానికి లేచాక మెల్లగా అన్నాడు.

"విన్నావు గదా. పాయ దరిదాపులకి రారు. నువ్వు నోరు తెరవబాకు."

"నేనెందుకు తెరుస్తాను?"

"నీకు నోరు తెరవను కారణం గూడా కావాల్నా?"

పొద్దుగూకే వేళకు మగవాళ్ళు ఇద్దరేసి ముగ్గురేసి పారలు గోనెసంచుల్లో చుట్టుకుని ఇసుక దిబ్బల వైపు పోయారు. వాళ్ళు కనుమరుగైన గంటకు వెన్నెల ఫోన్ మోగింది. అవతల ప్రేమలీల.

"సముద్రమా? సరే అక్కా, పసుపు నడకే పెట్టుకుందాం. పొద్దున్నే పోతే చల్లగా ఉంటుంది."

నా చేతిలో చేట జారింది. బియ్యం గుమ్మం దాకా పోయాయి.

"రేపు అమావాస్య. తోటలోకి పోబాకండి" అన్నాను.

"పోయిన నెల పున్నమికి గూడా ఇదే మాట అంటివి గదమా."

"అమావాస్య నాడు పాయ మంచిది కాదు."

"పాయకి ఏమొచ్చిందంట?"

అరుగు మీద రాజ్ కుమార్ కూర్చుని మర్నాటి కోసం గాజు గ్లాసులు తుడుచుకుంటున్నాడు. మంచివాడే. కానీ పక్క పాలెం వాడు. మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"పాములు" అన్నాను.

వెన్నెల నవ్వింది. "ఇయ్యాల పాములా? మొసలి సెలవు పెట్టిందా?" రాజ్ కుమార్ కూడా నవ్వాడు.

వాడు వెళ్ళాక చెబుదామనుకున్నాను. కానీ మా పిల్లకు కడుపులో మాట ఆగదు. నడక లేదంటే ఎందుకు లేదో నలుగురికీ ఫోన్లో రాసేస్తుంది. ఆ నలుగురిలో రాజ్ కుమారూ ఉన్నాడు. పోనీ మా ఆయనకు చెబుదామంటే ఆయన ఫోన్ ఐసుపెట్టెలో ఉంది, మొగ దగ్గరికి ఆడది పోకూడదు. చెబితే పంపు దగ్గర నా బిందెను జరపడం కళ్ళకు కనబడుతోంది. చెప్పకపోతే ఏం కనబడుతోందో అది రాయలేను. ఆలోచించి ఆలోచించి నాకు తోచింది ఒక్కటే.

తూర్పున వెలుగు రేఖ పడగానే పార్కు వెనక గేటు దగ్గరికి పోయాను. పాయ వైపు ఉన్న పసుపు పీలికలు ఆరు విప్పాను. వాటిని తెచ్చి సిమెంటు జింకల చుట్టూ, ఉయ్యాల స్తంభానికి, గోరింట కంచెకు కట్టాను. ఆ గుర్తులు పట్టుకుని పోతే పార్కు చుట్టూ తిరిగి మళ్ళీ లాకు దగ్గరికే వస్తారు. వెన్నెల ఎప్పుడూ వెనక, కుంటేవాళ్ళతో నడుస్తుంది. ముందువాళ్ళు పీలికలు చూసుకునే పోతారు. ఒకసారి పార్కులో పడి రెండు చుట్లు తిరిగితే ఎండెక్కుతుంది, ఇంక తోట వైపు ఎవరు పోతారు అనుకున్నాను. ఒట్టు తప్పుతున్నానని తెలుసు. ముడి మాత్రం గట్టిగానే వేశాను.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. చాలా రోజులకు ఆదివారం పూట నాకు మనసు కుదుటపడింది. పులుసుకు చింతపండు నానబెట్టాను. ఏడున్నరకు పేరమ్మత్త సరుగుడు పుల్లల మోపు తలమీద పెట్టుకుని వచ్చింది. మోపు దించకుండానే అంది.

"మీ పిల్ల సైన్యం గొడుగులేసుకుని తోటలోకి పోతుండారు. ఆ పట్టీల ముసలాయన పాయలో పంచె ఎత్తుకుని దాటతావుంటే భలే నవ్వొచ్చిందిలే."

"పాయ దాటినారా?"

"దాటి చాలాసేపాయె."

తరవాత తెలిసింది. ముందు నడిచేవాళ్ళు జింకల చుట్టూ రెండు సార్లు తిరిగి తికమకపడి నిలబడ్డారట. వెన్నెల వచ్చి చూసి, "మా అమ్మ వచ్చిపోయిందిలే" అందట. అందరూ నవ్వుకున్నారట. ఆరు పీలికలూ విప్పి మళ్ళీ పాయ దారిలోనే కట్టుకుంటూ పోయింది.

వెన్నెలకు ఫోన్ చేశాను. మోగలేదు. తోటలో సరుగుడు చెట్ల హోరు వినాలని, గంటసేపు అందరి ఫోన్లూ ఆపించి తన సంచిలో వేసుకుంటుంది. అది వాళ్ళ నడక కట్టుబాటు. ఇక్కడ ఐసుపెట్టెలో ఫోన్లు, అక్కడ సంచిలో ఫోన్లు. నేను ఎవరిని పిలవను?

నా ముఖం చూసి పేరమ్మత్త మోపు కింద పడేసింది. అమావాస్య, అలికిడి లేని పాలెం, మగవాళ్ళు లేని వీధి. ఆమెకు చెప్పక్కర్లేదు.

"ఇయ్యాలేనా?" అంది.

నేను దిబ్బల వైపు చూశాను.

"చెప్పెయ్యిమే. పోయి చెప్పు. నాకేమైంది? ఏడాది మాట్లాడలేదు, అంతే గదా. బతికే ఉండాను."

చెప్పులు కూడా వేసుకోలేదు. మొగ దాకా మైలు దూరం. ఇసుకలో పరిగెత్తుతుంటే ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతోంది. దిబ్బ ఎక్కేసరికి సముద్రం కనిపించింది. నిండు పోటు. నీళ్ళు ఉబ్బి, మురుగు రంగులో, అల విరగకుండానే గట్టు మీదికి పాకుతున్నాయి. ముప్పై మంది వరసగా నిలబడి పారలతో కోస్తున్నారు. కోత పాయ దాకా వచ్చేసింది. సముద్రం వైపు మాత్రం మంచం వెడల్పు ఇసుక మిగిలింది.

మొగ కోసేటప్పుడు ఆడది అక్కడికి రాకూడదు. ముందు చూసింది చిన్నపోలయ్య మామ.

"యాడికిమే వస్తుండావు! ఆగు ఆడే!"

ఆగలేదు. కోత అంచు దాకా పోయి మా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"వెన్నెల తోటలో ఉంది. పది మందితో. పాయ దాటినారు" అన్నాను. నా మాట నాకే వినిపించలేదు.

మా ఆయన తమ్ముడు గణేష్ వెనక నుంచి అన్నాడు. "ఏమొదినా, ఇయ్యాల మొసలి తోటలోకి పోయిందా?"

పారలు ఆగాయి. వరసంతా నవ్వారు. ఆ నవ్వు నేను సంపాదించుకున్నదే. పీలికలు విప్పి, దుంగను చూసి అరిచి, రోజుకొక చావు చెప్పి చెప్పి సంపాదించుకున్నాను.

మా ఆయన నవ్వలేదు. నా కాళ్ళ వంక చూశాడు, ముఖం వంక చూశాడు.

"పార దించండి" అన్నాడు.

"పిచ్చా నీకు? పోటు దిగిపోతే మళ్ళీ పున్నమి దాకా..." అని మామ అందుకున్నాడు.

"మొసలి నాడు ఇది అరిచింది మామా. ఇయ్యాల అరవడంలా. దించండి."

పారలు దించారు. కానీ సముద్రానికి ఎవరు చెబుతారు? మంచం వెడల్పు ఇసుక మీదికి ఒక అల పాకింది. ఇంకొకటి వచ్చి దాని మీద పడింది. ఇసుక మధ్యలో చెయ్యి పట్టేంత గాడి పడింది. గణేష్ దానికి అడ్డంగా కూర్చుని రెండు చేతులతో ఇసుక ఎగదోశాడు. మూడో అల వాణ్ణీ ఇసుకనూ కలిపి కోతలోకి తోసింది. సముద్రం లోపలికి దూరింది. ఆ చప్పుడు నేను పిల్లను ఎత్తుకుని దిన్నె మీదికి పరిగెత్తిన ఆ డిసెంబరు పొద్దున ఒకసారి విన్నాను.

"తాడు! వల తాడు తియ్యండిరా!" అని చిన్నపోలయ్య మామే అరిచాడు. ఆ ముసలాయన అంత వేగంగా పరిగెత్తగలడని నాకు తెలియదు.

మేము పాయ దాటే చోటుకు చేరేసరికి నీళ్ళు నడుము లోతుకు వచ్చాయి. అటు గట్టున గొడుగులు కనిపించాయి. హోరు విని వాళ్ళు అప్పుడే తోటలోంచి బయటికి వచ్చారు. ఆగి ఉంటే బాగుండేది. కానీ అది పొద్దున చెప్పులు పట్టుకుని నవ్వుతూ దాటిన పాయ. ఇంకోసారి దాటలేమా అనుకుని పెంచలకృష్ణ గారు దిగారు. నాలుగడుగులు వేశారు. కాళ్ళ కింద ఇసుక కరిగిపోయింది. ఆయన తల ఒకసారి కనిపించి మునిగింది.

వెన్నెల దూకింది.

నేను ఇన్నేళ్ళుగా నిద్రలో చూస్తున్నది అదే. కాకపోతే కలలో నీళ్ళు నల్లగా ఉండేవి. ఇప్పుడు ఎండ పడి మెరుస్తున్నాయి. దాని పసుపు చున్నీ నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకుని లోపలికి పోయింది. గణేష్ తాడు నడుముకు కట్టుకుని ఈదాడు. మా ఆయన తాడు కట్టుకోకుండానే ఈదాడు. ఇవతల పాలెం మగవాళ్ళంతా తాడు పట్టుకుని మడమలు ఇసుకలో దిగేసి నిలబడ్డారు. నేను అరవలేదు. అరిస్తే అది నిజమైపోతుందేమోనని నా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పెద్దాయనను ముందు లాగారు. ప్రేమలీల అటు గట్టు మీద నుంచి, "బోర్లా పడుకోబెట్టండి, పక్కకి తిప్పండి" అని కేకలేస్తూనే ఉంది. వెన్నెల ఎక్కడో దిగువన ముళ్ళకంపకు చిక్కి కనిపించింది. మా ఆయన దాన్ని జుట్టు పట్టుకుని తెచ్చాడు. ముఖమంతా గీరుకుపోయింది. ఒడ్డున పడ్డాక బాగా కక్కుకుని, కళ్ళు తెరిచి నన్ను వెతుక్కుంది.

"నీకు ముందే తెలుసు గదా" అంది.

అంతే అంది. మళ్ళీ ఇంతవరకు అనలేదు.

తోటలో మిగిలిన ఎనిమిది మందిని పోటు దిగాక, మధ్యాహ్నం ఎండలో పడవ మీద తెచ్చాం. పెంచలకృష్ణ గారు నెల్లూరు ఆస్పత్రిలో వారం ఉన్నారు. ఇంకా దగ్గుతున్నారట.

మొగ నాలుగో రోజుకు పూడిపోయింది. అది నా నోటి వల్లనే అని పాలెం అంటోంది. పంపు దగ్గర నా బిందె పక్కన పేరమ్మత్త తన బిందె పెడుతుంది. మూడో బిందె ఉండదు. దానికి నాకు బాధ లేదు. ముందే చెప్పి ఉంటే ఆ రెండు బిందెలే ఉండేవి, పిల్ల ముఖం మీద ఆ గీతలు ఉండేవి కావు.

నెల తరవాత నిన్న వెన్నెల పీలికల చుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ జనం అడుగుతున్నారట.

"అమా, యాడిదాకా కట్టమంటావు?"

వేళాకోళం కాదు. నా ముఖం వంకే చూస్తూ అడిగింది. ఇద్దరం లాకు దగ్గర నుంచి మొదలుపెట్టాం. నేను చెప్పిన చెట్టుకల్లా ముడి వేసింది. ఒక చెట్టు దగ్గర, "ఇది వద్దు, కొమ్మ ఎండింది" అన్నాను. కొమ్మ వంక చూడకుండానే దాటిపోయింది. ఇంకో చోట, "గట్టు మెత్తగా ఉంది" అన్నాను. కాలు పెట్టి చూడలేదు. సరే అంది. అది చూసి నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ నేను ఎంత భయపడినా అది నవ్వి కొట్టిపారేసేది. ఏది నిజం భయమో, ఏది దుంగో తేల్చే పని దానిదిగా ఉండేది.

పార్కు వెనక గేటు దగ్గర నేను ఆగాను. అది కూడా ఆగింది.

పాయలో నీళ్ళు మళ్ళీ పాదం తడిసేంతే ఉన్నాయి. అటు గట్టున సరుగుడు చెట్టుకు ఆ రోజు అది కట్టిన పసుపు పీలిక ఒకటి ఇంకా ఉంది. విప్పడానికి ఎవరూ పోలేదు. గాలికి అది లేచి, ఇటు రమ్మన్నట్టు ఊగి, మళ్ళీ చెట్టుకు అంటుకుంటోంది.

"దాటమంటావా అమా?" అంది వెన్నెల.

నా కన్ను అదురుతోంది. కుడిదో ఎడమదో తెలియలేదు.